క్లర్క్ ఉద్యోగం మానేసి కొండలెక్కవచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. వయసు 25. చిత్తూరు దగ్గర ఒక ప్రభుత్వ బ్యాంకులో క్లర్క్‌గా చేస్తున్నాను. ఏటా సెలవు పెట్టి హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కు వెళ్తాను. అక్కడున్నప్పుడే బతికున్నట్టుంటుంది. ఉద్యోగం మానేసి ట్రెక్ లీడర్ అవుదామని ఉంది. ఇంట్లో చెబితే అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాయన ‘నోటికాడి కూడు తన్నుకుంటావా’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: వెళ్లండి. రాజీనామా మాత్రం ఇప్పుడే వద్దు.

ట్రెక్కింగ్ సంతోషం గురించి రాశారు, ట్రెక్ లీడర్ చేసే పని గురించి ఒక్క ముక్క రాయలేదు. డబ్బు కట్టి వచ్చినవాళ్లు సూర్యోదయం చూస్తుంటారు. ఆ వేళకు లీడర్ టెంటు టెంటుకూ తిరిగి తలనొప్పి ఎవరికుంది, రాత్రి వాంతులు ఎవరికయ్యాయి అని అడుగుతూ, ఒక్కొక్కరి వేలికి ఆక్సీమీటర్ పెట్టి అంకెలు రాసుకుంటూ ఉంటాడు. ఎత్తు పడనివాళ్లకు కిందికి దించడమే అసలు వైద్యం. శిఖరం కళ్లెదుట కనిపిస్తున్నా ‘మీరిక దిగాల్సిందే’ అని చెప్పాలి, తిట్లు తినాలి. కౌంటర్ దగ్గర విసుక్కునే కస్టమర్లు మంచులోనూ ఉంటారండీ! ఈ పని కూడా మీకు నచ్చుతుందా అన్నది ముందు తేలాలి.

తేల్చుకునే దారి ఉంది. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ, డార్జిలింగ్‌లో 1954లో మొదలైన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ బేసిక్ కోర్సు నడుపుతాయి. దాదాపు నాలుగు వారాలు. సీట్లు త్వరగా నిండిపోతాయి, డాక్టర్ ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. ప్రివిలేజ్ లీవ్ కూడబెట్టుకుని వెళ్లండి, చాలకపోతే జీతం లేని సెలవు అడగండి. ఏ గ్రేడ్ తెచ్చుకుంటేనే అడ్వాన్స్ కోర్సుకు దారి. ఆ తర్వాత ఒక సీజన్ ఎవరి దగ్గరైనా సహాయకుడిగా చేయండి. వానాకాలంలో చాలా దారులు మూతపడతాయి, ఆ నెలల్లో చేతిలో డబ్బు ఆడదు. ఆ ఇబ్బంది ఎలా ఉంటుందో కూడా అప్పుడే తెలుస్తుంది.

అలిపిరి మెట్లు గబగబా ఎక్కగలిగితే కాళ్లకు, ఊపిరికి మంచిదే. కానీ తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లే. నాలుగు వేల మీటర్ల దగ్గర ఆ వేగమే మనిషిని పడేస్తుంది. వీపున బరువు వేసుకుని నిదానంగా నడవడం అలవాటు చేసుకోండి. శేషాచలం అడవుల్లోకి మాత్రం అనుమతి లేకుండా వెళ్లకండి, ఎర్రచందనం వల్ల అక్కడ నిఘా ఎక్కువ.

ఇక నాయన భయం. అది ఉత్త చాదస్తం కాదు. మానేసిన ఉద్యోగం అడిగితే తిరిగి రాదు, మళ్లీ పరీక్ష రాయాల్సిందే. ప్రభుత్వ బ్యాంకుల నియామకాలు చూసే ఐబీపీఎస్ సంస్థ పెట్టే క్లర్క్ పరీక్షకు సాధారణ వయోపరిమితి 28, పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకు 30. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు ఇంకొన్నేళ్ల సడలింపు ఉంటుంది. అంటే తప్పటడుగు పడినా వెనక్కి రావడానికి మీకు కొన్నేళ్లు ఉన్నాయి. ఈ లెక్క కాగితం మీద వేసి, ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. ‘నా సంతోషం’ అంటే ఆయనకు ఎక్కదు, తేదీలు చెబితే వింటారు.

అన్నట్టు, స్టాఫ్ లోన్ ఏదైనా తీసుకున్నారా? బ్యాంకు వదిలితే ఆ రాయితీ వడ్డీ పోవచ్చు. చేరేటప్పుడు సంతకం చేసిన కాగితాల్లో ఇన్నేళ్లు పనిచేస్తానన్న బాండ్ ఉందేమో కూడా ఈ వారమే చూసుకోండి.