రావణుడి పక్షాన రాయదలచిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి బరంపురం నుంచి మావయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన నవల మూడు అధ్యాయాలూ చదివాను. రామాయణాన్ని లంక వైపు నుంచి చెప్పడం అపచారమని ఇంట్లో ఎవరో అన్నారని రాశావు. ఆ మాటకు బెంగపెట్టుకోకు. బందీగా రావణుడి కొలువులో నిలబడిన హనుమంతుడే, అధర్మమన్నది లేకపోతే ఈయన ఇంద్రుడితో సహా దేవలోకాన్నంతటినీ కాపాడగలిగినవాడు కదా అని మనసులో ఆశ్చర్యపోయినట్టు సుందరకాండలో ఉంది. శత్రువు దూతకు కనబడిన ఆ తేజస్సు నీకు కనబడటంలో తప్పేమీ లేదు.

నా అభ్యంతరం వేరు. నువ్వు కథ చెప్పడం మానేసి రావణుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నావు. అతను బలాత్కరించిన రంభ ప్రసక్తి తీసేశావు, తపస్సులో ఉండగా జుట్టు పట్టి అవమానించిన వేదవతి ఊసే ఎత్తలేదు, సీతాపహరణాన్ని చెల్లెలికి జరిగిన పరాభవానికి ప్రతీకారంగా మాత్రమే చూపించి, అదీ చాలదన్నట్టు రాముణ్ణి కపటిగా మార్చావు. చెల్లెలి మీద అంత ప్రేమ ఉన్న అన్న, కాలకేయులతో జరిగిన యుద్ధంలో ఆమె భర్త విద్యుజ్జిహ్వుణ్ణి తన చేత్తోనే చంపాడని ఉత్తరకాండ చెబుతోంది కదా, దాన్నెందుకు వదిలిపెట్టావు? ఆమె వచ్చి కాళ్ళ మీద పడి ఏడుస్తే, పోరు మత్తులో తనవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో తెలియలేదని ఓదార్చి, ఖరుడికి సైన్యాన్నిచ్చి అతని వెంట దండకారణ్యానికి పంపించాడు. ఆ అడవిలోనే శూర్పణఖ రాముణ్ణి చూసింది. తాను విధవను చేసి పంపిన చెల్లెలు ముక్కు చెవులు కోయించుకుని తిరిగి వచ్చి కొలువులో నిలబడినప్పుడు ఆ అన్న మనసులో ఏం మెదిలిందో రాయగలిగితే, నీ మూడు అధ్యాయాలూ చేయలేని పనిని ఆ ఒక్క పుటా చేస్తుంది. ఉత్తరకాండ వాల్మీకిది కాదనే పండితులున్నారు గానీ, నవలకు ఆ తగవుతో పనిలేదు.

మన గంజాం జిల్లా ప్రహ్లాద నాటకాన్ని ఈసారి రచయిత కంటితో చూడు. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద పందొమ్మిదో శతాబ్దం నుంచి నడుస్తున్న ఆటలో ప్రధాన పాత్ర ప్రహ్లాదుడిది కాదు, హిరణ్యకశిపుడిది. మెట్లుమెట్లుగా కట్టిన వేదిక పైమెట్టున అతని సింహాసనం ఉంటుంది. ఆట నడిపే గాయకుడైన గాహకుడు పాట ఎత్తుకోగానే అక్కణ్ణుంచి అడుగు తీసి అడుగు వేస్తూ దిగుతుంటే జనం కళ్ళు తిప్పుకోరు. కన్నకొడుకును చంపించబోయే తండ్రి అని అందరికీ తెలుసు, ఆ వేషగాడు ఎవరి జాలినీ అడగడు, అయినా రాత్రంతా అతని కోసమే కూర్చుంటారు. నీ రావణుడు మాత్రం ప్రతి పుటలోనూ పాఠకుడి దగ్గర సంజాయిషీ ఇచ్చుకుంటున్నాడు.

ఇక కథ ఎవరు చెప్పాలన్నది. రావణుడి నోట చెప్పించడం వల్లే నీకీ చిక్కు వచ్చింది. విభీషణుడి పెద్ద కూతుర్ని తీసుకో. రావణుడు సీతను తిరిగి పంపడానికి ఒప్పుకోవడం లేదన్న సంగతి, తల్లి పంపగా వచ్చి ఆ పిల్ల తనకు చెప్పిందని సీతే హనుమంతుడితో అంటుంది. తరువాత విభీషణుడు నలుగురు అనుచరులతో ఆకాశమార్గాన రాముడి దగ్గరకు వెళ్ళిపోయాడు. భార్యాబిడ్డలు వెంట వెళ్ళినట్టు లేదు. తండ్రి శత్రుశిబిరంలో ఉండగా పెదనాన్న నగరంలో, ఆయన అన్నం తింటూ, ఆయన తప్పు తెలిసీ బతికిన ఆ అమ్మాయి కన్నా లంక పక్షాన మాట్లాడదగినవాళ్ళు ఎవరున్నారు? తప్పని నిండుకొలువులో చెప్పి కూడా యుద్ధానికి వెళ్ళిన కుంభకర్ణుడినీ, సంధి చేసుకోమన్న రావణుడి తాత వరసైన మాల్యవంతుడినీ ఆమె దగ్గరగా చూస్తుంది, నువ్వు ఎవరి తరఫునా వాదించనక్కరలేదు.

రాక్షసులంటే అడవి మనుషులేనని రెండో అధ్యాయంలో తేల్చేశావు. మీ ఊరి చుట్టూ కొండల మీద సవరలున్నారు, వాళ్ళ భాష కోసం గిడుగు రామమూర్తిగారు జీవితం ధారపోసింది మీ ఊళ్ళోనే; ఆ పోలిక వాళ్ళకు మర్యాద కాదు, మూలానికీ అతకదు. పులస్త్య మహర్షి మనవడైన రావణుడు ఏలే ఆ నగరంలో తెల్లవారుజామున హనుమంతుడికి వినిపించింది వేదఘోష.

ముందు అదే తెల్లవారుజామును రాయి. రావణుడు అశోకవనానికి వస్తాడు, వెనక బంగారు దీపాలూ వింజామరలూ పట్టుకుని వందమంది దాకా ఆడవాళ్ళు. రెండు నెలలే గడువు, కాదంటే వంటవాళ్ళు నిన్ను ఉదయపు ఆహారానికి ముక్కలు చేస్తారని అతను సీతను బెదిరిస్తుంటే, వెంట వచ్చినవాళ్ళలోనే కొందరు పెదవుల కదలికతో, కొందరు కనుసైగలతో ఆమెకు ధైర్యం చెప్పారు. వాళ్ళలో ఒకతె తరువాత విభీషణుడి కూతురి చెవిన వేసినట్టు రాయవచ్చు. ఆ బెదిరింపులో ఒక్క మాట కూడా తగ్గించకు. నాలుగో అధ్యాయం దసరా లోగా పంపితే చదివి పెడతాను. యుద్ధకాండ జోలికి ఇప్పుడే వెళ్ళకు.