వైరల్ జ్వరం తగ్గి పది వారాలైంది, నీరసం పోవడం లేదు. రిపోర్టులు నార్మల్ అంటున్నారు. ఏం చేయాలి?

నీరసం, గుండెదడ, మతిమరుపు ఉన్నాయనీ, రిపోర్టులు బాగున్నాయి కాబట్టి రోజూ వాకింగ్ పెంచమన్నారనీ రాశారు. దయచేసి ఆ పెంచడం కాస్త ఆపండి. 2021లో కోవిడ్ తర్వాత నేను చేసిన పొరపాటు అదేనండి.

ఓపిక ఉందనిపించిన రోజున ఇల్లంతా సర్దేసేదాన్ని. ఆ సాయంత్రం బాగానే ఉండేది, మర్నాడూ పర్లేదు. ఆ మర్నాడు మాత్రం మంచం దిగలేకపోయేదాన్ని. దెబ్బ అంత ఆలస్యంగా తగులుతుంటే దేనివల్ల పడిపోతున్నానో నాకేం తెలుస్తుంది? నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాకే తెలిసింది. ఎంతసేపు నిద్రపోయాను, ఏం పని చేశాను, ఓపిక పదికి ఎంత. అంతే రాసేదాన్ని.

మూడు వారాల పేజీలు చూశాక మా ఫ్యామిలీ డాక్టరు గారు నన్ను కాసేపు పడుకోబెట్టి, తర్వాత పది నిమిషాలు గోడకు ఆనించి నిలబెట్టి పల్స్ చూశారు. బీపీ పడిపోకుండా పల్స్ మాత్రం నిమిషానికి 30 లేదా అంతకు మించి పెరిగితే ‘పాట్స్’ అనే సమస్యను అనుమానిస్తారట. నాకు పెరిగింది. ఈసీజీ పడుకోబెట్టి తీస్తారు కాబట్టి అందులో ఇది దొరకలేదు. నీళ్లు, ఉప్పు పెంచమన్నారు. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు అడగకుండా ఉప్పు పెంచకూడదు.

పని విషయంలో, చేయగలననుకున్న దాంట్లో సగానికే ఆగడం నేర్చుకున్నాను. ఇది చాలా కష్టం. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ కూడా ఎంఈ అనే దీర్ఘకాలిక అలసట జబ్బుకు, లెక్క ప్రకారం వ్యాయామం పెంచుకుంటూ పోయే పద్ధతి వద్దని 2021లోనే చెప్పింది. పని చేశాక ఇలా కుంగిపోవడం మీకు లేకపోతే నెమ్మదిగా పెంచుకోవచ్చు.

మీ రిపోర్టుల్లో హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, షుగర్, బీ12 ఉన్నాయో లేదో చూసుకోండి. అవి చూడకుండా అంతా వైరస్ మీదికి నెట్టేయకూడదు. ఛాతీనొప్పి, కూర్చున్నా ఆయాసం, స్పృహ తప్పడం, ఒక కాలు మాత్రమే వాయడం ఉంటే నోట్‌బుక్ సంగతి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మీకు గుండెదడ నిలబడ్డప్పుడే వస్తోందా, పడుకున్నా వస్తోందా? ఈసారి డాక్టరు గారికి ముందు అది చెప్పండి.