సముద్రంలో ఒంటరిగా నిలిచిన రాతి స్తంభాలు చుట్టుపక్కల రాయి కంటే గట్టివి కాబట్టే మిగిలాయా?

కొన్నిచోట్ల మీరు ఊహించినది నిజమే. అయితే చాలా స్తంభాల్లో ఉన్న రాయి, ఎదురుగా తీరంలో ఉన్న కొండ రాయి ఒక్కటే. అలాంటి చోట్ల ఏది ముందు కూలాలి, ఏది మిగలాలి అన్నది చాలావరకు ఆ రాతిలో ముందునుంచీ ఉన్న పగుళ్లను బట్టే ఉంటుంది.

సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొండకొమ్ము దగ్గర లోతు తగ్గడం వల్ల అలలు నెమ్మదించి, దాని చుట్టూ వంగి, రెండు పక్కల నుంచీ తాకుతాయి. ఆ కొమ్ముకు తగిలే దెబ్బతో పోలిస్తే పక్కనున్న వంపుల్లో తాకిడి చాలా తక్కువ. అందుకే అక్కడ ఇసుక చేరుతుంది.

భూగర్భశాస్త్రం చదువుకునే రోజుల్లో, ఆటు సమయంలో ఇలాంటి కొండల పాదాల వెంట నడిచి పరిశీలించేవాళ్లం. పోటు నీరు చేరే మట్టంలో రాయి లోపలికి అరిగిపోయి, పొడవునా ఒక గాడి కనిపించేది. పగులు ఎదురైన చోట ఆ గాడి ఒక్కసారిగా లోతయ్యేది. చేయి పెట్టి చూస్తే గోడలు నున్నగా తగిలేవి, అడుగున గుండ్రటి గులకరాళ్లు ఇరుక్కుని ఉండేవి. కొండను తొలిచే ఉలులు ఆ గులకరాళ్లే. పోటు మొదలయ్యాక దూరంగా, ఎత్తుమీద నిలబడి చూస్తే, అల పగులులోకి దూరగానే లోపల దబ్బుమని శబ్దమై, పై సందులోంచి తుంపర ఎగజిమ్మేది. లోపల చిక్కుకున్న గాలి అల ఒత్తిడికి కుదించుకుపోయి, అల వెనక్కి తగ్గగానే ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఇది రాత్రింబవళ్లు సాగడం వల్ల పగులు విచ్చుకుంటూ పోతుంది. ఆ ఎడతెగని తాకిడి చూశాకే గట్టి రాయి కూడా ఎందుకు నిలవలేదో నాకు నిజంగా అర్థమైంది.

అలా పెరిగిన పగులు గుహ అవుతుంది, గుహ కొమ్మును ఆవలి వైపుకు తొలిచేస్తే తోరణం అవుతుంది, తోరణం పైకప్పు కూలితే కొసన ఉన్న భాగం స్తంభంగా విడిపోతుంది. తొలిచే పనికి ఎంతో కాలం పట్టినా, కూలడానికి క్షణాలు చాలు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా తీరంలో లండన్ బ్రిడ్జ్ అనే రెండు కమానుల సున్నపురాయి కొమ్ము ఉండేది. దాని తీరం వైపు కమాను 1990 జనవరి 15న కూలిపోవడంతో, కొసన చిక్కుకున్న ఇద్దరు సందర్శకులను హెలికాప్టర్‌లో తీసుకురావలసి వచ్చింది. అదే తీరంలో ట్వెల్వ్ అపాజిల్స్‌గా పేరుపొందిన స్తంభాల్లో ఒకటి 2005 జూలైలో కుప్పకూలింది. కాబట్టి స్తంభం కూడా శాశ్వతం కాదు. దాని పాదం కూడా అదేవిధంగా అరుగుతుంది.

మీరు చూసిన స్తంభం ఏ కోవలోనిదో తెలుసుకోవాలంటే, దానిలోని పొరలను ఎదుటి కొండ పొరలతో పోల్చండి. పొరలు అడ్డంగా పరుచుకున్న తీరాల్లో ఇది సులభం: రంగు, మందం, వరుస, ఎత్తు రెండింటిలోనూ సరిపోతే అవి ఒకప్పుడు ఒకే కొండ, మధ్యలో పోయినది కూడా అదే రాయి.