బోల్టు ‘బిగుసుకుందా’, ‘పట్టేసిందా’?

సందేహం: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. కారు ముందు చక్రం దగ్గర లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు చట్రానికి కలిపే కింది చేయి) బుష్ మార్చేటప్పుడు నట్టు తేలిగ్గానే వచ్చింది, బోల్టు మాత్రం రాలేదు. మెకానిక్ ‘పట్టేసింది’ అన్నాడు, అతని దగ్గరి కుర్రవాడు ‘జామైంది’ అన్నాడు, మా నాన్నగారు ‘బిగుసుకుపోయింది’ అన్నారు. పని నేర్చుకునే పిల్లల కోసం తెలుగులో నోట్సు రాస్తున్నాను. వీటిలో ఏది రాయాలి? ‘తుప్పు పట్టి పట్టేసింది’ అంటే పునరుక్తి అవుతుందా? బోల్టును ‘విప్పడం’ అనాలా, ‘ఊడదీయడం’ అనాలా?

సమాధానం: మీ ముగ్గురిలో మెకానిక్ మాటే సరైనది. ‘పట్టేసింది’ మోటు మాటేమీ కాదు. పట్టు ధాతువుకు ‘వేయు’ చేరి పట్టివేయు అయింది, వాడుకలో అదే పట్టేయు. నడుం పట్టేసింది, మెడ పట్టేసింది అంటాం కదా. కదలాల్సినది ఎవరూ కట్టేయకుండానే కదలకుండా పోయిందని భావం. మీ బోల్టుకు జరిగిందీ అదే.

బిగుసుకోవడం వేరు. బిగించు సకర్మకం, బిగించేవాడు ఒకడుండాలి. బిగుసుకొను అకర్మకం, బిగువు దానంతటదే పెరిగింది. రెండింటిలోనూ ఉన్నది బిగువే, అంటే మరచుట్ల మీది ఒత్తిడి. మీ నట్టు తేలిగ్గా వచ్చిందంటే ఆ ఒత్తిడి అప్పుడే పోయింది. ఇంకా ‘బోల్టు బిగుసుకుంది’ అంటే చదివిన పిల్లవాడు ఇంకా పొడవైన పానా తెచ్చి తల మీద బలం చూపిస్తాడు, తల విరుగుతుంది.

అసలు బోల్టు ఎక్కడ పట్టేసిందో చూడండి. బుష్‌కు బయట ఇనుప గుల్ల, మధ్యలో రబ్బరు, లోపల ఉక్కు గొట్టం ఉంటాయి. బోల్టు ఆ లోపలి గొట్టంలోంచి పోతుంది. వాననీరు, బురద సందులోకి చేరి బోల్టుకూ గొట్టానికీ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కనుక సందు పూడిపోయి రెండూ ఒకటవుతాయి. గుర్తుపట్టడం సులువు. బోల్టు తలను తిప్పితే కొంచెం తిరుగుతుంది, పానా వదలగానే వెనక్కి వచ్చేస్తుంది. తిరిగింది బోల్టు కాదు, దానితోపాటు గొట్టం. వెనక్కి లాగింది రబ్బరు.

ఇక మీ పునరుక్తి అనుమానం. ‘తుప్పు పట్టి పట్టేసింది’లో మొదటి పట్టుకు కర్త తుప్పు, రెండోదానికి బోల్టు. కర్తలు వేరు, అర్థాలు వేరు కనుక దోషం లేదు. చెవికి ఇబ్బందిగా ఉంటే ‘తుప్పుతో పట్టేసింది’ అనండి.

‘జామైంది’ తప్పు కాదు. మరాఠీవారూ హిందీవారూ అనేదీ అదే కాబట్టి మీ ఊళ్లో అందరికీ తెలుస్తుంది. కానీ ఎందుకు కదలడం లేదో ఆ మాట చెప్పదు, అందుకే నోట్సుకు చాలదు. ‘సీజ్ అయింది’ని మాత్రం దూరం పెట్టండి, ఆర్టీవో వచ్చి బోల్టు పట్టుకుపోయాడనుకుంటారు. ‘నట్టు గట్టిగా ఉంది’ కూడా అలాంటిదే, నాణ్యత మెచ్చుకున్నట్టుంటుంది.

మీ నోట్సుకు మరో రెండు మాటలు కావాలి. నట్టు ఎంత తిప్పినా తిరుగుతూనే ఉండి బయటికి రాకపోతే ‘మర పోయింది’. మర అంటే యంత్రమనే అర్థమూ ఉంది కనుక రాతలో ‘మరచుట్లు అరిగాయి’ అనడం మేలు. మరాఠీలో చదివిన పిల్లలకు ‘ఆటె’ అంటే వెంటనే తెలుస్తుంది, పక్కన అదీ రాయండి, నామోషీ ఏమీ లేదు. పానా జారిపోతుంటే ‘తల అరిగింది’. పన్నెండు మూలల సాకెట్‌కు బదులు ఆరు మూలలది వాడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

విప్పడం, ఊడదీయడం రెండూ కావాలి. ముడి విప్పుతాం, కట్టు విప్పుతాం. చుట్టుకున్నదాన్ని వెనక్కి తిప్పి వదిలించడం అది. మీ పక్క ‘ఇప్పు’ అన్నా రాతలో ‘విప్పు’ అనే ఉంచండి. కాబట్టి నట్టును విప్పుతాం. గొట్టంలోంచి నిలువుగా బయటికి రావాల్సిన బోల్టును ఊడదీస్తాం. ఈ తేడా పాటిస్తే పని వరుస కూడా వాక్యంలోనే తెలిసిపోతుంది.

ఆ వరుస ఇలా రాయవచ్చు. కారును జాకీ మీద వదలకుండా స్టాండుల మీద నిలపాలి. గొట్టం రెండు కొసల దగ్గరా తుప్పు వదిలించే నూనె కొట్టి, సుత్తితో మెల్లగా తట్టి, రాత్రంతా నాననివ్వాలి. మూసుకున్న గొట్టంలోకి నూనె ఎక్కువ దూరం పోదు, అందుకే దీని మీదే ఆశ పెట్టుకోకూడదు. తర్వాత నట్టును బోల్టు కొసతో సమంగా ఉండేలా మళ్లీ ఎక్కించి, ఇత్తడి కడ్డీ ఆనించి కొట్టాలి. నట్టు లేకుండా కొడితే కొస పువ్వులా విచ్చుకుని, కదిలిన బోల్టు కూడా రంధ్రంలోంచి రాదు. కదిలిందా, ఒకే వైపు తిప్పకుండా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ లాగాలి.

మంట పెట్టడం గురించి కూడా రాయండి, ఎందుకంటే పిల్లలు మొదట చూసేది అదే. బుష్ రబ్బరు అంటుకుంటుంది, కొట్టిన నూనె అంటుకుంటుంది, పక్కనే బ్రేకు గొట్టం ఉంటుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెడితే విషవాయువు పుడుతుంది. పైగా తల మీద బలాన్ని తెలిపే 8.8, 10.9 గుర్తులున్న బోల్టులు ఎర్రగా కాలితే బలం పోతుంది. బుష్ ఎలాగూ మార్చేదే కనుక, గొట్టం కొసకూ బ్రాకెట్‌కూ (బుష్‌ను రెండు పక్కలా పట్టుకునే ఇనుప పట్టీకి) మధ్య రంపం బ్లేడు దూర్చి రెండు వైపులా బోల్టును కోసేయడం మంచిది. ఆర్మ్ మొత్తం కిందికి వచ్చేస్తుంది. ఇక్కడ క్రియ ‘కోయడం’. ‘తెగింది’ అంటే దానంతటదే విరిగిందని అర్థం వస్తుంది.

బిగించేటప్పుడు ఇంకో జంట: పట్టించు, బిగించు. కొత్త బోల్టు మధ్యభాగానికి పలచగా గ్రీజు రాసి, మరచుట్లకు తగలకుండా చూసి, కొత్త నట్టు పట్టించి వదలాలి. మరకు గ్రీజు తగిలితే కంపెనీ చెప్పిన టార్క్‌కే (తిప్పే బలానికే) బోల్టు ఎక్కువ సాగుతుంది. కారు దించి, బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడిన స్థితిలోనే ఉండి త్వరగా చిరుగుతుంది. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చూపించాలి.