స్క్రూ తిప్పే ముందు టేపు పట్టండి

ప్రశ్న: రెండు నెలల కిందట కారుకి పొట్టి స్ప్రింగులు వేయించి కిందికి దించాను. ముందు 4 సెంటీమీటర్లు, వెనక 2 సెంటీమీటర్లు దిగింది. అప్పటినుంచి రాత్రిపూట డిప్‌లో (ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా కిందికి వంచిన లైటులో) వెలుగు బండి ముందే ఆగిపోతున్నట్టు ఉంటే, బానెట్ ఎత్తి లైట్ల వెనకున్న స్క్రూలు తిప్పాను. రోడ్డు బాగా కనిపించేదాకా లేపాను. నాకిప్పుడు హాయిగానే ఉంది గానీ, ఎదురొచ్చే ప్రతి రెండో బండీ లైట్లు కొడుతోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ స్క్రూలు ఈ రాత్రికే కాస్త కిందికి తిప్పేసి, తర్వాత ఇది చదవండి. సీట్లో కూర్చుని కంటి అంచనాతో లైట్లు సరిచేయడం ఎవరివల్లా కాదు. ఎంత లేపితే మనకి అంత బాగా కనిపిస్తుంది, ఎక్కడ ఆపాలో కన్ను చెప్పదు.

మీరు అంకెలు రాసి మంచి పని చేశారు. డిప్ కాంతి ఎంత వాలి ఉండాలో కంపెనీవాళ్లే చాలా కార్లలో హెడ్‌లైట్ మీదో, బానెట్ కింద స్టిక్కర్ మీదో చిన్న లైటు బొమ్మ వేసి 1.0 శాతం, 1.2 శాతం అని రాస్తారు. 1 శాతమంటే 10 మీటర్ల దూరానికి 10 సెం.మీ. దిగాలి. మీ లైటు మధ్యభాగం మొదట్లో నేలకి 66 సెం.మీ. ఎత్తులో ఉండేదనుకుందాం. 1 శాతం వాలుతో ఆ కాంతి 66 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. ముందూ వెనకా సమానంగా 4 సెం.మీ. దించి ఉంటే ఎత్తు 62 సెం.మీ., దూరం 62 మీటర్లు. ఆ తేడా మీకు తెలిసేది కూడా కాదు.

మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది ముందుకీ వెనక్కీ ఉన్న 2 సెం.మీ. తేడా. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 2.5 మీటర్లుంటే, ఆ తేడాకి బండి ముక్కు 0.8 శాతం వంగుతుంది. వాలు మొత్తం 1.8 శాతం అయింది. ఇప్పుడు లెక్క కడితే, మీరు స్క్రూ తిప్పకముందు వెలుగు దాదాపు 34 మీటర్ల దగ్గరే ఆగిపోయేది. గంటకు 80 కి.మీ. వేగంలో మనం తేరుకోవడానికి ఒక సెకను కలుపుకుంటే, పొడి రోడ్డు మీద కూడా కారు ఆగడానికి 55 నుంచి 60 మీటర్లు పడుతుంది. మీరు టెన్షన్ పడ్డారంటే పడాల్సిన విషయమే.

వెనక ఎక్కువ దించినవాళ్లది దీనికి ఉల్టా, నన్నడిగితే ఇంకా ప్రమాదం. వెనక 2.5 సెం.మీ. ఎక్కువ దిగితే చాలు, ఆ 1 శాతం వాలు మొత్తం పోయి కాంతి నేలకి సమాంతరంగా వెళ్లిపోతుంది. లోపల కూర్చున్నవాడికి లైట్లు అద్భుతంగా ఉన్నాయనిపిస్తుంది. చాలా ఏళ్ల కిందట నా కారూ అలాగే ఉండేది. ఒక రాత్రి మలుపులో ఎదురొచ్చిన స్కూటరాయన చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని, రోడ్డు దిగి మట్టిలో ఆగిపోయాడు. నేను కారాపి వెళ్లేసరికి ఇంకా కళ్లు నులుముకుంటున్నాడు. "అంచు కనబడలేదండీ" అన్నాడు, అంతే. వెనకాల ఆయన భార్య, ఒళ్లో పిల్ల. మర్నాడు పొద్దున్నే టేపు కొన్నాను. అప్పటినుంచి ఎవరి కారైనా కొలవకుండా స్క్రూ ముట్టుకోలేదు.

ఇక మీ పని. చక్రాల్లో గాలి సరిగ్గా పెట్టించండి. డిక్కీలో అనవసరమైన సామాను తీసేయండి, ట్యాంకు సగం దాకా ఉండనివ్వండి, డ్రైవరు సీట్లో మీ అంత బరువున్న మనిషిని కూర్చోబెట్టండి. డ్యాష్‌బోర్డు మీద లైట్లు దించే నాబ్ ఉంటే సున్నా మీద పెట్టండి. కారు ముందూ వెనకా రెండు మూడుసార్లు నొక్కి వదిలితే స్ప్రింగులు తమ చోట కూర్చుంటాయి. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకొంచెం దిగుతాయి. మీవి రెండు నెలలవి కాబట్టి ఆ బెంగ లేదు.

అసలు జాగ్రత్తంతా నేల దగ్గరే. కారు నిలబడే చోటూ గోడ అడుగూ ఒకే మట్టంలో లేకపోతే కొలిచిందంతా వృథా. కంటికి చదునుగా కనిపించే చోటు కూడా మోసం చేస్తుంది. మట్టం చూడటానికి తాపీమేస్త్రీలు వాడే నీళ్ల పైపు పట్టి చూడండి, దాన్ని మించింది లేదు. కారుని గోడకి సూటిగా నిలిపి, లైటు నుంచి గోడకి 10 మీటర్లు ఉండేలా చూడండి. లైటు మధ్యభాగం ఎత్తు కొలిచి గోడ మీద అదే ఎత్తున టేపు అంటించండి. దానికి 10 సెం.మీ. కింద ఇంకోటి. మీ స్టిక్కర్ 1.2 అంటే 12 సెం.మీ. చోటు చాలక 5 మీటర్లలో నిలిపితే ఇందులో సగం.

చీకటి పడ్డాక డిప్ వెయ్యండి. ఒక లైటుకి కాస్త దూరంలో అట్ట అడ్డం పెట్టి రెండోది చూడండి. గుడ్డ కప్పకండి, ప్లాస్టిక్ అద్దం వేడెక్కుతుంది. గోడ మీద పైన చీకటి, కింద వెలుగు, మధ్యలో గీత కనిపిస్తుంది. ఎడమవైపు నడిపే దేశాల కార్లకి గీత కొంతదూరం చదునుగా వచ్చి ఎడమ పక్క పైకి లేస్తుంది. ఆ చదును భాగం కింది టేపు మీద కూర్చోవాలి, గీత పైకి విరిగే చోటు లైటుకి సూటిగా ఎదురుగా ఉండాలి. స్క్రూ పావు చుట్టు తిప్పి గోడ చూడండి, మళ్లీ పావు చుట్టు. గీత అసలు తేలకుండా వెలుగు చెదిరిపోతుంటే బల్బు సరిగ్గా కూర్చోలేదన్నమాట, లేదా ఆ లైటుకి సరిపడని బల్బు వేశారు. దాన్ని స్క్రూతో బాగుచేయలేరు.

ఒకటి మర్చిపోకండి. ఐక్యరాజ్యసమితి 48వ నంబరు వాహన నిబంధన ప్రకారం డిప్ లైటు వెలిగే భాగం కింది అంచు నేలకి కనీసం 50 సెం.మీ. ఎత్తులో ఉండాలి. ఇంకా దించుదామని మీకు మనసులో ఉంటే ముందు అది కొలవండి.

ప్రశ్న: నా కారు లైట్లు స్టార్ట్ చేయగానే కిందికీ పైకీ ఊగి తమంతట తామే సర్దుకుంటాయి. కారు దించాక బాగా కిందికి చూస్తున్నాయి. స్క్రూ తిప్పేయనా?

జవాబు: వద్దు. మీ కారు వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌కి చిన్న కడ్డీతో తగిలించిన సెన్సర్ ఉంటుంది, కొన్నిటికి ముందు కూడా. కారు దిగేసరికి, వెనక సీట్లో మనుషులెక్కారనుకుని అది లైట్లని వంచుతోంది. స్క్రూతో లేపితే అప్పటికి సరిపోయినట్టు కనిపిస్తుంది గానీ, కారు దిగడంవల్ల సెన్సర్ అప్పటికే తిరిగే హద్దుకి దగ్గరపడి ఉంటుంది కాబట్టి, నిజంగా మనుషులెక్కిన రోజు పనిచేయకపోవచ్చు. ముందు ఆ కడ్డీ వంగిందేమో చూడండి. పొడవు మార్చుకునే కడ్డీ వేసి సెన్సర్‌ని పాత కోణానికి తెప్పించండి, లేదా వర్క్‌షాపులో కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ పెట్టి ఇప్పుడున్న ఎత్తునే సున్నాగా గుర్తించేలా చేయించండి. స్క్రూ పని ఆ తర్వాతే, పైన చెప్పినట్టు గోడ దగ్గర. చివర్లో ఇద్దర్ని వెనక సీట్లో ఎక్కించి గోడ మీద గీత చూడండి. పైకి లేచి, కొన్ని సెకన్లలో మళ్లీ టేపు మీదికి దిగితే సెన్సర్ తన పని చేస్తున్నట్టే.