1345 ఏ లెక్కలో?

తమ్ముడూ,

సుల్తాన్ బజార్‌లోని పాత మడిగె, అదే ఆ దుకాణం గది మీద నువ్వు పంపిన వ్యాసం రాత్రి చదివాను. "గోడలు మౌనంగా చూస్తున్నాయి" అని మూడు చోట్ల రాశావు. రెండోసారికే పెన్సిల్ తీశాను. గోడలు చూడవు నాయనా, చూడాల్సింది నువ్వు.

అసలు ఒళ్లు మండింది మొదటి పేజీలోనే. గుమ్మం పైన చెక్కిన 1345ని హిజ్రీ, అంటే ముస్లిం సంవత్సరం అనుకుని "1926లో నిజాం ఏలుబడిలో వెలసిన దుకాణం" అనేశావు. హైదరాబాద్ సర్కారు కాగితాల్లో ఫస్లీ అని ఇంకో సంవత్సరాల లెక్క నడిచేది. దానికి 590 కలుపుకోవాలి. అలా చూస్తే అది 1935. తొమ్మిదేళ్లే కదా అంటావేమో, ఆ తొమ్మిదేళ్ల మధ్యలోనే 1933 ఉంది. అంతకుముందు అది రెసిడెన్సీ బజార్, బ్రిటిష్ రెసిడెంటు పాలనలో ఉండేది. 1933లో నిజాంకు తిరిగి అప్పగించాకే సుల్తాన్ బజార్ అయింది. నీ లెక్క నిజమైతే ఆ వాక్యంలో నిజాం ఉండకూడదు, ఫస్లీ అయితే నీ సంవత్సరం ఉండకూడదు. ఎలా చూసినా కొట్టేయాల్సిందే. రెండింట్లో ఏదో నేను చెప్పను. పాత కిరాయినామా సంపాదించి, అద్దె నిజాం నాణెమైన హాలీ రూపాయల్లో రాశారా, బ్రిటిష్ నాణెమైన కల్దార్ రూపాయల్లో రాశారా చూడు.

ఓనరు మాటలు పట్టుకుని కథంతా నడిపావు. ఓనరును అడిగితే తాతగారి ఫొటో చూపిస్తాడు, అంతే. ఆ గదిలో ఎప్పుడు ఏం అమ్మారో తెలియాలంటే కిరాయిదారుతో పడ్డ తగాదా కావాలి. 1960 నాటి అద్దె చట్టంలో ఒక క్లాజుంది: ఏ పనికని తీసుకున్నాడో అది కాకుండా వేరే పనికి వాడితే ఖాళీ చేయించొచ్చు. అందుకే పాత కేసు కాగితాల్లో "కిరాణాకని తీసుకుని టీ కొట్టు పెట్టాడు" లాంటి ముక్కలు దొరుకుతాయి. నాకు ఏ చరిత్ర పుస్తకంలోనూ అంత వివరం దొరకలేదు. ఇంకోటి, పాత గోలకొండ పత్రికలు దొరికితే వార్తలు వదిలేసి ప్రకటనలు చదువు. 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయం నీ సుల్తాన్ బజార్‌లోనే ఉంది, ఒక్కసారైనా మెట్లెక్కావా?

నీ వయసులో నేనూ బేగంబజార్‌లో ఒక మడిగె వెంట పడ్డాను. సైకిల్ మీద పదకొండు సార్లు తిరిగాను. చివరికి ముసలి గుమాస్తా జాలిపడి రసీదుల కట్ట విప్పాడు. మొదట ఐస్ అమ్మారు, తర్వాత రేడియో రిపేరు, ఆ తర్వాత పెళ్లికార్డుల ప్రెస్సు, చివరికి చెప్పులు. ఒక వారపత్రికకు పంపితే ఎడిటరు గారు ఆ జాబితా అంతా లేపేసి చార్మినార్ బొమ్మ వేశారు. బేగంబజార్‌కీ చార్మినార్‌కీ ఏం సంబంధమని అడిగితే "పాఠకులకు పాతదనం తెలియాలి" అన్నారు. ఇప్పటికీ ఏదైనా వ్యాసం మీద ఆ బొమ్మ కనిపిస్తే పేజీ తిప్పేస్తాను. ఇప్పుడు రీల్స్ వాళ్లూ అదే చేస్తున్నారు, సితార్ మ్యూజిక్ అదనం.

నాలుగో పేజీలో "దూలానికి తుప్పు పట్టిన లావుపాటి కొక్కెం" అని రాసి దాటేశావు. నిన్ను వదలకుండా ఈ ఉత్తరం రాయించింది ఆ ఒక్క ముక్కే. తాడుతో లాగే పాతకాలం పంఖా కోసమైతే వరసగా రెండు, మూడు సన్నవి ఉండాలి. నడిమధ్యన ఒక్కటే, అదీ లావుది అంటే పెద్ద తరాజు వేలాడదీసి ఉంటారు. మరి మొదటినుంచీ బట్టల కొట్టేనని ఓనరు చెప్పాడన్నావే, బట్టల కొట్టుకు తరాజు ఎందుకు?

టేపు తీసుకుని వెళ్లు. కొక్కెం ఎంత ఎత్తులో ఉందో కొలువు, దాని కింద బండ అరిగిందేమో చేత్తో తడిమి చూడు. బేరాల టైంలో వెళితే విసుక్కుంటారు, పొద్దున షట్టర్ లేపగానే వెళ్లు.

నీ
అన్న