నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోయిన బుజ్జికి

విజయనగరం,
ఆదివారం రాత్రి

బుజ్జీ,

నువ్వు ఫోను పెట్టేసిన దగ్గర్నుంచీ నవ్వుకుంటూనే ఉన్నాను. "ఏటత్తా ఇది, నలభై పేజీలైనా ఏటీ అవదు, ఊరికే మేడా, మంచూ, కాకులూనూ" అన్నావు. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ అక్కడే మూసేశావట. హాస్టల్లో నీ పక్కమంచం పిల్ల అదే గోతిక్ ఫాంటసీ నవలని మూడు రోజుల్లో అవగొట్టేసిందన్న ఉక్రోషం కూడా వినపడిందిలే. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినదాన్ని, ఇలాంటి పుస్తకాల్ని మీ మావయ్య కంటపడకుండా బియ్యం డబ్బా వెనక దాచుకుని చదివినదాన్ని. ఫోనులో చెప్తే సగమే వింటావు కాబట్టి రాస్తున్నాను.

ఏమీ జరగట్లేదని ఎందుకనిపిస్తోందంటే, నువ్వు మనుషుల కోసం చూస్తున్నావు. గోతిక్ నవలలంటే పాత మేడలూ, దాచిన పాపాలూ, దెయ్యాల భయమూ ఉండేవి. వాటిలో పెద్ద పాత్ర ఇల్లు. ఇంటి వర్ణన వచ్చినప్పుడల్లా పేజీ తిప్పేస్తే, చుట్టపుచూపుగా వెళ్ళి ఇంటి యజమానిని పలకరించకుండా పనివాళ్ళతో మాట్లాడి వచ్చేసినట్టే. నోటుబుక్కు చివరి పేజీలో ఆ మేడ నమూనా గీసుకో. వీధి గుమ్మం ఎటు, మెట్లు ఎటు, ఏ గది పక్కన ఏ గది. తాళం వేసిన గది కనిపిస్తే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టు. ఎదురు పేజీలో ఆ కుటుంబం వంశవృక్షం వేసుకో. ఒకే పేరు తాతకీ మనవడికీ ఉంటే దాని కింద రెండు గీతలు గియ్యి. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ఆ మేడని ఎలా ఊహించుకుంటున్నావ్? సినిమాలో చూసిన మంచుకోటేనా? అందుకే నీకు అంటుకోలేదు. ఎప్పుడూ చెయ్యి వేసి చూడని గోడకి భయపడలేం. మన విజయనగరం కోట తీసుకో. 1713లో కట్టినది. పగలు లోపల కాలేజీలు, పిల్లలు, బైకులు, గోల. అన్నీ వదిలేశాక, చీకటిపడే వేళ ఆ రాతిగోడ వెంట ఒక్కదానివీ నడిచి చూడు. అదీ కాకపోతే మన ఊళ్ళో తాతగారి మండువా ఇల్లు. గాదె ఉండే చీకటి కొట్టులోకి నిన్ను పొమ్మంటే గుమ్మంలోనే నిలబడి ఏడ్చేదానివి, గుర్తుందా? రచయిత్రి యాటిక్ అంటే మన అటక అనుకో. మన అటక మీద ఇత్తడి గుండిగలు, ఆవకాయ జాడీలు ఉంటాయి. వాళ్ళ అటక మీద ఏముంటుందో నేను చెప్పను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ రకం కథలకి మొదటిది 1764 చివర్లో లండన్‌లో వచ్చిన 'ఒట్రాంటో కోట' అంటారు. రాసినవాడు హొరేస్ వాల్పోల్. తను రాశానని ముందు ఒప్పుకోలేదు, పాత ఇటాలియన్ పుస్తకానికి అనువాదమని అచ్చు వేయించాడు. కథ మొదట్లోనే, పెళ్ళినాడు, పెళ్ళికొడుకు మీద ఒక ఇనప శిరస్త్రాణం పడి చచ్చిపోతాడు. మనిషి తలకి పట్టేదానికంటే వందరెట్లు పెద్దదట! నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. కానీ అది ఎందుకు పడిందో తెలిశాక నవ్వు ఆగింది. ఆ పిల్లాడి ముత్తాత కోట అసలు యజమానికి విషం పెట్టి దాన్ని కాజేశాడు. (రెండొందల అరవయ్యేళ్ళ కథ గుట్టు విప్పితే పాపం లేదులే.) తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటాం కదా! గోతిక్ కథంటే ఆ సామెతే, నెయ్యి బదులు నెత్తురు. కాబట్టి నలభయ్యో పేజీలో కూర్చుని "తర్వాత ఏమవుతుంది" అని అడిగితే జవాబు రాదు. "ఇక్కడ మునుపు ఏం జరిగింది, దాన్ని ఎవరు కప్పెడుతున్నారు" అని అడుగు. వెనక్కి వెళ్ళి ఆ నలభై పేజీలూ ఈ ప్రశ్నతో మళ్ళీ చదువు. వంటమనిషి ఎందుకు మాట మార్చింది, గోడ మీద ఒక పటం ఎందుకు లేదు, అన్నీ అక్కడే ఉంటాయి.

ఇదంతా దొరల సరుకు, మనకెందుకంటావేమో. ఒట్రాంటోకి ఏడేళ్ళ ముందు, 1757 జనవరి 24న, బొబ్బిలి కోట కూలింది. ఆ తర్వాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలో దూరి మన విజయనగరం రాజు పెద విజయరామరాజుని పొడిచేశాడు. అన్నకి గండముందని చెల్లెలికి ముందే తెలిసిందనీ, ఆవిడే పెద్దచెరువులో పైడితల్లిగా వెలిసిందనీ మనవాళ్ళ నమ్మకం. ఏటా దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను, అదే అమ్మవారి పూజారి కూర్చునే పొడవాటి చింతమాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తుంది. నువ్వు మీ నాన్న భుజమెక్కి బఠాణీలు తింటూ చూసినదేమిటనుకున్నావ్? చనిపోయిన ఆడపడుచు ఏడాదికోసారి పుట్టింటి గుమ్మం దాకా రావడం. నాకైతే ఆ చింతమాను కోట ముందు తలవంచిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది, ఇన్నేళ్ళు వచ్చినా.

తేడా మాత్రం ఒకటుంది, అది మరిచిపోతే పుస్తకం బోల్తా కొట్టిస్తుంది. అలా పోయిన ఆడపిల్లకి మనవాళ్ళు గుడి కడతారు, వాళ్ళు గోడ కడతారు. మన అమ్మవారికి చీర పెట్టి, పసుపు పెట్టి, ఊరంతా పిలుచుకుంటాం. ఆ కథల్లో ఆ పేరే ఇంట్లో ఎవరూ ఎత్తరు. అందుకని అక్కడ దెయ్యం వస్తే ఎవర్ని పట్టి పీడిస్తుందా అని చూడకు. ఏం చెప్పాలని వచ్చిందో చూడు.

అసలు దెయ్యం ఉందా లేదా అన్నది ఇంకో తగువు. 1790లలో ఆన్ రాడ్‌క్లిఫ్ అనే ఆవిడ రాసిన నవలల్లో మూడొంతులు వణికించి, చివర్లో ఆ చప్పుడు ఫలానాది, ఆ నీడ ఫలానావాడిది అని లెక్కలన్నీ అప్పజెప్పేది. మనకిది కొత్తా? కన్యాశుల్కం నాటకంలో ముసలి లుబ్ధావధాన్లుకి పెళ్ళికూతురుగా సుబ్బి వేషం వేసుకున్న కుర్రాడు మహేశం ఉడాయిస్తే, అది పెళ్ళికూతురు కాదు కామినీ పిశాచమని పూజారి గవరయ్య తేల్చి, సీసాలో బిగించేస్తాడు. లుబ్ధావధాన్లు హడలిపోతాడు, మనం పడీపడీ నవ్వుతాం, ఎందుకంటే మనకి మహేశం సంగతి తెలుసు. తెలియకపోతే అదే సీసా మనల్నీ భయపెట్టును. నీ పుస్తకంలో చెప్తున్నది ఒక్క అమ్మాయే కదా, "నేను" అని? ఆ పిల్లకి ఎంత తెలుసో నీకూ అంతే తెలుస్తుంది. పైగా ఆ పిల్ల అబద్ధం కూడా ఆడొచ్చు. "నాకు జ్ఞాపకం లేదు" అన్న చోటల్లా పెన్సిల్‌తో చుక్క పెట్టు.

ఫాంటసీ అన్నావు కాబట్టి మాయ నిజంగానే ఉండొచ్చు. అప్పుడు దాని షరతేమిటో, ఖరీదేమిటో వెతుకు. చందమామలో బేతాళుడి కథలకి అంత బిగువు ఎక్కణ్ణుంచి వచ్చింది? తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మౌనం చెడి శవం చెట్టెక్కుతుంది. రెండు వైపులా నష్టమే. నీ మంత్రగత్తె ఏమీ పోగొట్టుకోకుండా మంత్రాలు చదివేస్తుంటే ఆ రచన పలచనిదే. నిర్మొహమాటంగా పక్కన పెట్టెయ్యి, పక్కమంచం పిల్ల ఏమనుకుంటే నీకెందుకు.

డిక్షనరీ సంగతి. ప్రతి మాటకీ ఫోను తియ్యకు. మూడోసారి ఎదురైన మాటకే అర్థం చూడు. గోపురాలకీ, సమాధి గదులకీ, బీళ్ళకీ వాళ్ళకి బోలెడు మాటలున్నాయి, ఓ పాతిక వస్తే మిగతావన్నీ వాటంతటవే లొంగుతాయి. నేను పిల్లలచేత వాక్యం వాక్యం తెలుగులోకి మార్పించేదాన్ని కొత్తలో. భయపడాల్సిన పాఠం కాస్తా దస్తావేజులా తయారైంది. బుద్ధొచ్చి మానేశాను.

పొద్దున్న బస్సులో ఐదు పేజీలు, మెస్సులో రెండు పేజీలు, అలా కుదరదు. రాత్రి ఇరవై పేజీలు, ఒకే బిగిన. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు కొవ్వొత్తి పెట్టుకుని ఒకటి చదివాను. బయట ఊగే కొబ్బరిచెట్టు ఏదో, పుస్తకంలో తలుపు ఏదో తెలియలేదు. మరీ భయమేస్తే మూసేసి ఆంజనేయ దండకం చదువుకుని పడుకో. ఇందులో చిన్నతనమేం లేదు, నేనూ చదువుకున్నాను.

ఇవి మీ వయసు పిల్లల పుస్తకాలని చిన్నచూపు చూసేవాళ్ళని పట్టించుకోకు. మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' మొదలుపెట్టింది 1816లో, పద్దెనిమిదేళ్ళకి. నీకంటే ఒక్క ఏడాది పెద్ద. అంతకుముందు ఏడాది ఎక్కడో తంబోరా అగ్నిపర్వతం పేలితే ఆ వేసవంతా జెనీవాలో వానే, ఇల్లు కదలలేక ఆవిడా, స్నేహితులూ దెయ్యం కథలు రాద్దామని పందెం వేసుకున్నారు. 1818లో అచ్చయినప్పుడు పుస్తకం మీద ఆవిడ పేరే లేదు.

ఒక్క విషయంలో మాత్రం పెద్దరికం చేస్తాను. నల్లకోటు వేసుకుని, అన్నం తినకుండా, ఎవరితోనూ నవ్వకుండా, పిల్లని మాటలతో పొడుస్తూ ఒక అందగాడు ఉంటాడు. ఉన్నాడా? అనుకున్నాను. పుస్తకంలో ఎంతైనా మురిసిపో. కాలేజీలో తగిలితే నాకు చెప్పు.

చివరిగా, ఆఖరి పేజీ ముందు చూసే నీ అలవాటు. నా పెళ్ళికి ముందు ఒక లైబ్రరీ పుస్తకం దొరికింది, చివరి ఫారం ఊడిపోయి. పదహారు పేజీలు లేవు. వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి ముగింపు నేనే ఊహించి నోటుబుక్కులో రాసుకున్నాను. పదిహేనేళ్ళకి అసలు ముగింపు చదివితే ఏముంది, అందరూ క్షమించేసుకుని టీ తాగారు! నా ముగింపులో ఇల్లు తగలబడింది. ఇప్పటికీ నాదే బాగుందంటాను.

కాబట్టి ఆఖరి అధ్యాయం ముందు ఆగు. ఆ మేడకి ఏం కావాలో ఒక పేజీ రాసి నాకు పంపు, తర్వాతే మిగతాది చదువు. ఈ ఉత్తరంతో పాటు డబ్బాలో చేగోడీలు పంపుతున్నాను. ఆ నూనె చేతులు పుస్తకానికి తగలనివ్వకు, అది పక్కమంచం పిల్లది.

ఆశీస్సులతో,
అత్త